మీ ఫస్టు ఫ్లోరు, మా గ్రౌండు ఫ్లోరు

ఫిబ్రవరి 3

ఒసేయ్ బుడంకాయా,

బాగున్నావా అని అడగను. నీ చేతిరాత చూస్తే తెలిసిపోతుంది. అక్షరాలు గుండ్రంగా ఉంటే బాగున్నట్టు, కోలగా సాగితే ఎవరితోనో గొడవ పడ్డట్టు. నా సంగతంటావా, మోకాళ్ళు తప్ప మిగతాదంతా బాగానే ఉంది.

అసలు విషయానికి వస్తాను. మా బిల్డింగు కూలగొడుతున్నారు. ఓనరుగారి అల్లుడు వచ్చి, జూన్ నెలాఖరుకల్లా అందరూ ఖాళీ చెయ్యాలని మెట్ల మీద నిలబడే చెప్పి వెళ్ళిపోయాడు. మీ అన్నయ్య పోయినప్పటినుంచీ నువ్వు ప్రతి ఉత్తరంలోనూ "వచ్చెయ్యి వదినా" అంటూనే ఉన్నావు. నేనే బెట్టు చేస్తూ వచ్చాను. ఇప్పుడు సరే అంటున్నాను. దేశం కాని దేశమైతేనేం, నాకు మాత్రం నువ్వు కాక ఇంకెవరున్నారు?

కానీ ఒక్క షరతు. ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉండాలి. ఇప్పుడున్న ఫ్లాటు ఫస్ట్ ఫ్లోర్. ఒక్క అంతస్తే కదా అంటారు అందరూ. కర్టెన్ల మూట భుజాన వేసుకుని ఎక్కితే తెలుస్తుంది ఆ ఒక్క అంతస్తు ఎంతో. లిఫ్టు ఉంది గానీ అందులో కిందింటివాళ్ళు సైకిలు పెట్టుకుంటున్నారు. అడిగితే "ఎలాగూ పనిచెయ్యడం లేదు కదండీ" అంటారు. అదీ నిజమే.

నీకు భారం కావడం మాత్రం నాకిష్టం లేదు. నా కుట్టుమిషను నాతోపాటే వస్తుంది. నా తిండి నేను కుట్టుకు తింటాను.

డాక్టరుగారి భార్య మళ్ళీ కర్టెన్లు వెనక్కి పంపింది. చిలకపచ్చ అడిగింది, చిలకపచ్చే కుట్టాను. ఇప్పుడు గోడ రంగు మార్చిందట, కర్టెను తప్పంటోంది.

ఫోను చెయ్యకు. లైనులో గరగర తప్ప ఏమీ రాదు. ఉత్తరమే రాయి.

నీ కత్తెర వదిన

ఫిబ్రవరి 25

కత్తెర వదినకి,

నీ ఉత్తరం చదివి గంతేశాను. కిందనుంచి చీపురు కర్రతో కప్పుకి కొట్టారు కూడా. కొట్టుకోనీ.

నీకు చెప్పానో లేదో, ఇప్పుడు నేను ఈ బిల్డింగుకి సూపర్‌ని. పంపులు, బల్బులు, తాళాలు, చెత్తడబ్బాలు అన్నీ నా చేతి కిందే. పొద్దున లేస్తే చాలు, "సూపర్ ఎక్కడ, సూపర్ ఎక్కడ" అని నన్ను వెతుక్కుంటూ తిరుగుతారు జనం. నాకు తల దువ్వుకునే తీరిక కూడా లేదనుకో.

ఇల్లు దొరికేసింది! నువ్వు అడిగినట్టే, అచ్చం నీ మోకాళ్ళ కోసమే కట్టినట్టుంది. మా బిల్డింగులోనే ఫస్ట్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్. నేనుండేది థర్డ్ ఫ్లోర్‌లో ఒంటిగది, అందులో ఇద్దరం పట్టం. ఎలివేటర్ పాడై కూర్చుంది, ఎప్పుడు బాగవుతుందో ఆ దేవుడికే తెలియాలి. నీకు దాంతో పనేముందిలే. మేనేజరేమో ఈ బిల్డింగు త్వరలో కండోమినియం అయిపోతుందేమో అంటున్నాడు. ఆయన మాటలు నాకెప్పుడూ సగమే అర్థమవుతాయి.

సరేనని ఒక్క ముక్క రాయి. తాళంచెవి నా కొంగున కట్టుకుంటాను.

నీ మరదలు బుడంకాయ

మార్చి 17

బుడంకాయకి,

ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాను. ఎన్నిసార్లు చదివినా ఫస్ట్ ఫ్లోర్ అనే ఉంది.

నేనేం రాశాను? నువ్వేం చూశావు? ఈ ఫస్ట్ ఫ్లోర్ ఎక్కలేకే కదే తల్లీ అక్కడికి వస్తానంటున్నది! పైగా "నీ మోకాళ్ళ కోసమే కట్టినట్టుంది" అని వెటకారం ఒకటి. ఎలివేటర్ అంటే ఏమిటో తెలియక మా పక్కింటి ఇంగ్లీషు మాస్టారిని అడిగాను. లిఫ్టేనట. అదీ పాడయిందట. దాంతో నాకు పనిలేదట! అంటే నేను మెట్లెక్కి చావాలనా?

మాస్టారు పాపం మంచివాడు. డిక్షనరీ తెచ్చుకుని మా గుమ్మంలోనే కూర్చున్నాడు. అపార్ట్‌మెంట్ అంటే రాజుల కోటల్లో గదుల వరసట. మనలాంటి వాళ్ళుండేదాన్ని ఫ్లాటనాలట. కండోమినియం అంటే మరీ విచిత్రం, రెండు ప్రభుత్వాలు కలిసి ఒకే దేశాన్ని ఏలడమట. నాకు బుర్ర తిరిగిపోయింది. నువ్వు నాకు ఇల్లు చూస్తున్నావా, రాజ్యం చూస్తున్నావా? మనిద్దరిలో ఏలేదెవరో ముందే తేల్చుకుంటే మంచిదేమో.

ఇంకొకటి. నువ్వు పనిమంతురాలివే, నేను కాదనను. కానీ నేను సూపర్, జనమంతా నన్ను సూపర్ అంటున్నారు అని ఎవరైనా సొంత ఉత్తరంలో రాసుకుంటారా? ఇంకొకళ్ళు చెబితే బాగుంటుంది గానీ.

ఇష్టం లేకపోతే లేదని చెప్పు. మేడ మీద ఇల్లు చూపించి నాచేతే వద్దనిపించుకోవడం ఎందుకు? ఇక్కడ బస్సుల స్టాండు పక్కన ఒక బెడ్‌సిట్ ఖాళీగా ఉందంటున్నారు. ఒకటే గది, మంచం, కుర్చీ, మూల పొయ్యి. మెట్లు లేవు. నా సంగతి నేను చూసుకోగలను.

వదిన

ఏప్రిల్ 5

వదినా,

"కత్తెర" కూడా లేకుండా ఉత్త "వదిన" అని సంతకం చేశావు. అది చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ముందు జరిగిన ఘోరం చెబుతాను. నీ ఉత్తరం చదవగానే ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంతా చేస్తే నాకు ఇష్టం లేదంటుందా అని రుసరుసలాడుతూ వెళ్ళి, ఆ ఇల్లు మాకొద్దని మేనేజరుతో చెప్పేశాను. ఆ సాయంత్రమే ఎలివేటర్ బాగైంది. లోపలి మీటలు తుడుస్తున్నాను. అన్నిటికంటే కింద ఉన్న మీట మీద ఒకటి అని ఉంది. మీ బిల్డింగు లిఫ్టులో అన్నిటికంటే కింద జి ఉంటుంది, ఒకటి దాని మీద ఉంటుంది కదూ? అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి.

వదినా, ఇక్కడ లెక్క నేల నుంచే మొదలవుతుంది. వీధిలోంచి తిన్నగా నడిచి వచ్చేదే ఫస్ట్ ఫ్లోర్. మీ గ్రౌండ్ ఫ్లోర్ మాకు ఫస్టు, మీ ఫస్టు మాకు సెకండు. నేను థర్డ్ అన్నది మీ లెక్కలో సెకండే. మీ లిఫ్టు మాకు ఎలివేటరు, మీ ఫ్లాటు మాకు అపార్ట్‌మెంటు. ఇక్కడ ఫ్లాటంటే గాలి పోయిన టైరనుకుంటారు. సూపర్ అంటే బిల్డింగు చూసుకునే మనిషి, మీ వాచ్‌మన్‌కి అన్నలాంటిది. పొగడ్త కాదు, చెత్తడబ్బాలు దొర్లించే ఉద్యోగం. మీ దగ్గర ఉన్న ఇంగ్లీషుతో ఇంత దూరం వచ్చి, ఇక్కడి ఇంగ్లీషు ఎప్పుడు నోటికి పట్టిందో నాకే తెలియలేదు. కండోమినియం సంగతి మాత్రం వదిలెయ్యి. ఎవరి వాటా వాళ్ళు కొనుక్కునే పద్ధతట. రాజ్యాలేమీ లేవు.

ఇదంతా తెలుసుకుని మేనేజరు దగ్గరికి పరిగెత్తితే, ఆ ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

నువ్వు కంగారు పడకు. అంతకంటే మంచిది చూశాను. రెండు వీధుల అవతల డూప్లెక్స్. మనిద్దరికీ చక్కగా సరిపోతుంది. నేనూ ఈ ఒంటిగది వదిలేసి అక్కడికే వస్తాను, పనికి నడిచి వెళ్తాను. నువ్వు ఎవరికీ భారం కాకూడదు అన్నావు కదా, ఆ మాట నా మనసులో ఉంది. అలాగే చూశాను. నువ్వు వచ్చేముందే కర్టెన్లు కుట్టి తెచ్చుకుంటావని నీ కిటికీల కొలతలు వెనకవైపు రాశాను.

బెడ్‌సిట్ మాట ఎత్తావంటే నా మీదొట్టే.

నీ మట్టిబుర్ర బుడంకాయ

ఏప్రిల్ 27

బుడంకాయా,

ఫస్ట్ ఫ్లోర్ గొడవ చదివి మాస్టారూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయనకైతే దగ్గొచ్చింది. తిట్టినందుకు ఏమీ అనుకోకు. అనుకున్నా ఇంత దూరం వచ్చి కొట్టలేవు కదా.

కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. డూప్లెక్సా? డాక్టరుగారిది డూప్లెక్సే. వారం కిందటే కర్టెన్లు తగిలించి వచ్చాను. ఇంటి లోపలే మెట్లు! కింద హాలు, పైన పడకగదులు. ఆవిడ పైనుంచి "ఇంకొంచెం ఎడమకి" అంటుంది, నేను కిందనుంచి "ఏ ఎడమ" అంటాను. అలాంటి ఇల్లా చూశావు నాకు? మోకాళ్ళని మళ్ళీ మర్చిపోయావా? మాస్టారు డిక్షనరీ తెచ్చాడు గానీ తెరవనివ్వలేదు. పాపం మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

నువ్వు పంపిన కొలతలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలు చెబితే ఇల్లు చెప్పడం నా పని కదా. వెడల్పుది ముందు గది. పొట్టిది వంటిల్లు, పొయ్యి గట్టు పైన. చారెడంతది స్నానాలగది. ఇక మిగిలింది ఒక్కటి, పడకగది. అంతే! మరి నీ పడక ఎక్కడ? పైన ఇంకో అంతస్తుంటే దాని కిటికీలు ఏమయ్యాయి? కిటికీలు లేని గదిలో పడుకుంటావా? లేకపోతే ముందు గదిలో బల్ల మీద ముడుచుకుంటావా? నాకోసం నువ్వు మూలన పడి ఉంటానంటే నేనొప్పుకోను.

నాకేమీ అర్థం కావడం లేదే. ఎప్పుడు ఏ మాట నమ్మాలో తెలియడం లేదు. ఒక పని చెయ్యి. ఈసారి ఉత్తరంలో ఒక్క ఇంగ్లీషు మాట ఉండకూడదు. మీ ఇంగ్లీషూ వద్దు, మా ఇంగ్లీషూ వద్దు. గుమ్మం ఎక్కడ, గోడ ఎక్కడ, నేనెక్కడ, నువ్వెక్కడ, అంతే రాయి. ఇక్కడ బెడ్‌సిట్ ఓనరు రోజూ అడుగుతున్నాడు, రేపు చెబుతానంటూ తిప్పుతున్నాను.

నీ కత్తెర

మే 15

కత్తెర వదినా,

నీ ఆజ్ఞ. పరాయి మాట ఒక్కటి రాస్తే నా చెయ్యి విరిగినట్టే.

అది నేల ఇల్లు. ఇంటి లోపల మెట్లు లేవు, పైన మరో అంతస్తు లేదు. గడప కూడా లేదు, వీధిలోంచి అలా నడిచి లోపలికి వచ్చెయ్యడమే. ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. మధ్యలో ఒక గోడ. ఎడమ వైపు గుమ్మం నీది, కుడి వైపు గుమ్మం నాది. నేను కొలతలు పంపినవి నీ వైపు కిటికీలు. నా వైపూ అచ్చం అలాగే ఉంటుంది, అద్దంలో చూసుకున్నట్టు. ఇలా జంటగా ఉంటుంది కనక ఇక్కడ ఆ పేరు పెట్టారు, ఆ పేరు మాత్రం రాయను.

నీ గది నీది, నీ పొయ్యి నీది, నీ తాళంచెవి నీది. తూర్పు వెలుతురు నీ వైపే ఎక్కువ, నీ కుట్టుయంత్రం (ఇది రాయడానికి ఎంత ఆలోచించానో!) కిటికీ దగ్గర వేసుకోవచ్చు. నా వాగుడు నీకు తెలుసు కదా, ఆ భయం కూడా అక్కర్లేదు. గోడ మంచి దిట్టమైనది. నేను చెవులు పగిలేలా అరిచినా నీకు వినపడదు. నేను వచ్చి నిన్ను విసిగించను. నీకు చూడాలనిపించినప్పుడు నువ్వే వచ్చి నా తలుపు తట్టు.

ఇప్పుడైనా అర్థమైందా? అయితే పెట్టె సర్దుకో.

నీ బుడంకాయ

జూన్ 4

బుడంకాయకి,

అర్థమైంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నీ ఉత్తరం ఒక్కసారి చదవగానే మొత్తం అర్థమైంది. అర్థం కానప్పుడే బాగుంది.

మాస్టారికి చదివి వినిపించాను. అలాంటి ఇంటిని మా వైపు సెమీ డిటాచ్డ్ అంటారట. అంటే ఏమిటండీ అన్నాను. సగం విడిపోయిన ఇల్లు అన్నాడు. మీ ఊళ్ళోనేమో జంట ఇల్లు, మా ఊళ్ళోనేమో సగం విడిపోయిన ఇల్లు. ఇల్లు ఒకటే, గోడ ఒకటే. నా మొహం చూసి మాస్టారు మంచినీళ్ళు తెచ్చాడు.

నీకొక సంగతి చెప్పలేదు. ఫోను వద్దన్నది లైను బాగోలేక కాదు. మీ అన్నయ్య ఉన్నప్పుడే ఒక చెవి పోయింది, అది నీకు తెలుసు. రెండోదీ పోయింది. బాగా దగ్గరకొచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. వీధిలో హారను వినపడదు. గుమ్మంలో ఎవరో తలుపు తట్టి తట్టి వెళ్ళిపోతారు. డాక్టరుగారి భార్య పైనుంచి కేకలేస్తే నాకు ఏ ఎడమో తెలియనిది అందుకే. ఈ మాట రాస్తే నీ బెంగ చూడలేనని రాయలేదు. వచ్చాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను.

మరదలా, నాకు వేరే గుమ్మం ఎందుకే? వేరే ఇల్లే కావాలంటే ఇక్కడ లేదా? నీ వాగుడు కోసమే కదా వస్తానన్నది! మీ అన్నయ్య పోయాక ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా వినపడదు. నువ్వైతే మొహం మీద మొహం పెట్టి వాగుతావు, నువ్వొక్కదానివే నాకు వినపడతావు అనుకున్నాను. నువ్వేమో మధ్యలో దిట్టమైన గోడ చూశానని సంబరంగా రాశావు.

నీ తప్పేమీ లేదు. భారం కానని అన్నది నేనే. గొప్పకి పోయి అన్నాను.

నిన్న బెడ్‌సిట్ తాళం తీసుకున్నాను. నేను రావడం లేదు. నా కోసం ఇల్లు ఉంచకు.

వదిన

జూన్ 6

కత్తెర వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను, కోప్పడకు.

నీ వైపు ఇల్లంతా కడిగాను. మంచం వేయించాను. అంతా అయ్యాక ఆ మంచం మీద కూర్చుని చూశాను, నీకు ఎలా ఉంటుందో అని. నా వైపు రేడియో మోగుతూనే ఉంది. కుళాయి కూడా విప్పే ఉంచి వచ్చాను, చూద్దామని. చీమ చిటుక్కుమంటే ఒట్టు. గోడకి చెవి ఆనించాను, ఏమీ లేదు. ఇంత నిశ్శబ్దంలో వదినని కూర్చోబెట్టడానికా ఇంత దూరం రమ్మంటున్నది అనిపించింది. వదినా, అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎవరికీ వినపడదు కదా అని గట్టిగానే ఏడ్చాను.

గోడ నువ్వు అడగలేదు. నేనే తెచ్చి పెట్టాను. ఎందుకో చెప్పనా? ఇన్నేళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను. గోడలతో మాట్లాడతాను, పంపులతో మాట్లాడతాను, పాడైన ఎలివేటర్‌ని పేరు పెట్టి తిడతాను. నువ్వు వచ్చిన నెలకే విసిగిపోయి వెళ్ళిపోతావని భయం. దూరంగా ఉంచితే ఎక్కువ రోజులు ఉంటావనుకున్నాను. నా తెలివి అలా తగలడింది.

అందుకని నీ వైపు తాళం ఇంటివాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. ఉన్నది ఇక నా వైపు ఒక్కటే. ఒకే గుమ్మం, ఒకే పొయ్యి, ఒకే పడకగది, అందులో రెండు మంచాలు. నిన్ను అడక్కుండా చేశాను. నీ గుమ్మం నీకే కావాలనుంటే మొహమాటం లేకుండా రాసెయ్యి, కాళ్ళు పట్టుకునైనా మళ్ళీ తెస్తాను. కానీ రాయకు.

నీ బుడంకాయ

జూన్ 24

ఒసేయ్ బుడంకాయా,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎక్కడో ఎదురుపడి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా వెళ్ళిపోయి ఉంటాయి. ఈపాటికి నాది నీకు అంది ఉంటుంది. బెంగపెట్టుకుని తిండి మానేసి ఉంటావు. ముందు లేచి తిను. తర్వాత ఈ ఉత్తరం చదువు.

తిన్నావా?

బెడ్‌సిట్ తాళం ఇచ్చేశాను. ఓనరు గొణిగాడు. ఏం గొణిగాడో నాకు వినపడలేదు కనక బాధ లేదు. నీ ఉత్తరాన్ని మాస్టారికి చదివి వినిపిద్దామని వెళ్ళి, రెండో పేజీ దగ్గర చదవలేకపోయాను. ఆయనే తీసుకుని చదువుకున్నాడు. చదివి, డిక్షనరీ పక్కన పెట్టి, "ఇక ఇందులో వెతకాల్సిందేమీ లేదమ్మా, వెళ్ళిరా" అన్నాడు. పెదాల మీద స్పష్టంగా కనిపించింది ఆ మాట.

గోడ మీద చెవి పెట్టి ఏడ్చిందట! నిన్ను ఏమనాలో తెలియడం లేదు. విసుగొచ్చి వెళ్ళిపోతానా? విసుగొస్తే తిడతాను, నువ్వూ తిట్టు. నీ నోరు ముయ్యమని నేను ఎప్పుడైనా అంటే, అది అలవాటు కొద్దీ అన్న మాట. నువ్వు మాత్రం ముయ్యకు.

నా మిషను పెట్టెకెత్తేశాను. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి, ఈ ఉత్తరం నీకు అందే లెక్క చూసుకుని బయలుదేరతాను. ఒకవేళ మంచాలు దూరదూరంగా వేసి ఉంటే దగ్గరికి జరుపు. పక్క మీద పడుకుని నువ్వు చెప్పేవి నాకు కనపడాలి, దీపం కూడా మధ్యలో పెట్టు.

నువ్వు పనినుంచి వచ్చేసరికి నేను ఇంట్లోనే ఉంటాను. తలుపు తట్టకు, నాకు వినపడదు. తోసుకుని లోపలికి వచ్చెయ్యి. వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఎంత వాగుతావో వాగు.

నీ కత్తెర వదిన